తిత్తి నుండి బెల్టు దాకా: బైలదిల్లా ఇనుపకొండ చెప్పు యంత్రవిద్య

దంతెవాడ జిల్లాలోని బైలదిల్లా కొండ అడుగున, కిరండూలులో నిండిన ఇనుపరాతి బండి తూర్పుకనుమల మీదుగా దిగి విశాఖపట్టణపు రేవు చేరుటకు దాదాపు 470 కిలోమీటర్లు నడువవలెను. కొండకొమ్మున తవ్వబడినది మొదలు ఓడగర్భమున కురియువరకు ఆ రాతిని నేడు మనుష్యహస్తము తాకుట అరుదు. తవ్వుట, నలుగగొట్టుట, జల్లించుట, తూచుట, ఎత్తుట, దించుట, లెక్క వ్రాయుట మున్నగు పనులన్నియు యంత్రములకే అప్పగింపబడినవి. అయితే అదే కొండపై, మన తండ్రుల కాలమునందే, ఆ పనులలో పెక్కింటిని గునపముతోను, సమ్మెటతోను, తట్టతోను, కేవలము కంటిచూపుతోను నిర్వహించిన స్త్రీపురుషులు వేలకొలదిగా నుండిరి. చేతిపని యంత్రము పాలగుట అనునది కర్మాగారములలోను కార్యాలయములలోను నేడు నిత్యము వినవచ్చుచున్న మాటయే. కాని ఆ మార్పు ఎట్లు వచ్చెను, ఆ విద్య ఎవరికి నేర్పబడెను, ఎవరికి నేర్పబడక పోయెను అని విచారింపదలచినవానికి దంతెవాడ చరిత్రను మించిన పాఠము తెలుగువారి చేరువలో మరియొకటి కానరాదు.

చేరువ యన్నది మర్యాదకు అన్నమాట కాదు. దంతెవాడ సీమలో, ఇంద్రావతీనదికి సమీపమున నున్న బారసూరులో, క్రీ.శ. 11వ శతాబ్దియందు, నాగవంశపు ప్రభువు ధారావర్షుని కాలమున, చంద్రాదిత్యుడను తెలుగుచోడ సామంతుడు శివాలయము కట్టించి దానికి సంబంధించిన శాసనమును తెలుగులోనే వేయించెను. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తరు రాజ్యమును స్థాపించెననియు, శంఖినీ డంకినీ సంగమమున వెలసిన దంతేశ్వరీదేవి ఆ వంశమునకు కులదేవత యనియు బస్తరు రాజుల వంశచరిత్ర చెప్పును. ఆ ప్రాచీనసంబంధము నటుంచినను, బైలదిల్లా గనుల యజమానియైన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థకు ప్రధానకార్యాలయము హైదరాబాదు. ఆ రాయి చేరు రేవు విశాఖపట్టణము. ఆ రాతితో ఇనుము కరగించునది విశాఖ ఉక్కు కర్మాగారము. కిరండూలు, బచేలి పట్టణముల బజారులలో హిందీ, హల్బీ, గోండీ భాషలతోపాటు తెలుగును వినవచ్చును. 1998లో బస్తరు నుండి వేరుపడి జిల్లాయైన దంతెవాడ, పరిపాలనలో ఛత్తీస్‌గఢ్‌దే యైనను, వ్యాపారములో సగము మనదే.

ఈ కొండలలో ఇనుము పని ప్రభుత్వసంస్థతో ఆరంభమైనది కాదు. మధ్యభారతపు అడవులలో ఇనుపరాతిని కరగించుటయే కులవృత్తిగా గలవారు తరతరములుగా నుండిరి. వారిలో మైకల కొండల అగరియాలను గురించి వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పెద్దగ్రంథమునే ప్రకటించెను. వారి కొలిమి ఒక మట్టిగూడు. పైనుండి బొగ్గును రాతిని వంతులవారీగా పోయుదురు. అడుగున మట్టిగొట్టము గుండ గాలి నింపుదురు. గాలి నింపు విధానము మాత్రము సావధానముగ చూడదగినది. బోలుగా తొలిచిన రెండు కొయ్యదొన్నెలపై తోలు బిగించి, తోలు నడుమ ఒక రంధ్రము చేసి, ఆ తోలును త్రాటితో వంచిన వెదురుకొమ్మకు కట్టెదరు. పనివాడు రెండు తిత్తులపై రెండు పాదములుంచి నిలుచును. మడమతో అదిమినప్పుడు రంధ్రము మూసికొని గాలి కొలిమిలోనికి పోవును. పాదము సడలించినంతనే వంగిన వెదురు తనంతట తాను నిటారై తోలును పైకి లాగును, రంధ్రము తెరచుకొని తిత్తి మరల గాలితో నిండును. కుడికాలు దిగునప్పుడు ఎడమతిత్తి నిండుచుండును, ఎడమకాలు దిగునప్పుడు కుడితిత్తి నిండుచుండును. కొలిమికి గాలి ఒక్క క్షణమైన ఆగదు.

మనుష్యుడు చేయవలసిన సగముపనిని వెదురుచేత చేయించిన ఈ ఉపాయమును చదువులేనివాని యుక్తి యని తీసివేయుటకు వీలు లేదు. తిత్తిని అదుముట బలమునకు సంబంధించినది, దానిని మరల పైకెత్తుట కేవలము శ్రమ. ఆ రెండింటిని విడదీసి, శ్రమను మాత్రమే కొమ్మకు అప్పగించి, ఎంత గాలి ఎప్పుడు కావలెనను నిర్ణయమును తనయొద్దనే ఉంచుకొన్న ఆ పనివాడు, యంత్రీకరణమునకు మూలసూత్రమును ఏ పుస్తకము చదువకయే కనుగొన్నవాడు. ఆ యుక్తి పనిచేయువాని పాదము క్రిందనే పుట్టినది, వాని చేతిలోనే నిలిచినది, వానిని పనినుండి తొలగింపలేదు. ఇదొక్కటి జ్ఞాపకముంచుకొన్నచో తరువాతి కథ సులభముగ బోధపడగలదు.

ఆ కొలుములు చల్లారుటకు కారణములు తెలియనివి కావు. ఆంగ్లేయుల కాలమున అడవి రక్షితప్రాంతమై బొగ్గు కాల్చుట కష్టమైనది. కొలిమికొక్కింటికి పన్ను పడినది. రైలు దిగిన విదేశపుటినుము సంతలో చౌకగా దొరకినది. అడవిపై హక్కు పోయిన బాధయే 1910లో బస్తరునందు భూమ్‌కాల్ అను తిరుగుబాటుకు ముఖ్యకారణములలో నొకటి. ఇటు కొలిమివాడు వెనుకకు పోవుచుండగా అటు భూగర్భశాస్త్రజ్ఞుడు ముందుకు వచ్చెను. ప్రభుత్వ భూగర్భపరిశోధకశాఖకు చెందిన ప్రమథనాథ్ బోస్ 19వ శతాబ్ది ముగియు తరుణమున బైలదిల్లా రాతిని గూర్చి వ్రాసెను. గురుమహిసాని కొండ వార్తను 1904లో జంషెట్‌జీ టాటాకు తెలిపి టాటా ఉక్కునకు దారి చూపినవాడును ఈయనయే. 1930లలో అదే శాఖవాడైన క్రూక్‌షాంక్ ఆ పర్వతశ్రేణిని శ్రద్ధగా కొలిచి, అందలి ఇనుపనిక్షేపములకు వరుససంఖ్యలిచ్చెను. నేటికిని ఆ గనులను 5వ నిక్షేపము, 14వ నిక్షేపము అనియే వ్యవహరించుచున్నారు. కొండకు ఎద్దుమూపురమని గ్రామస్థులు పెట్టిన పేరు పైకి మిగిలినను, లోపలి భాగములన్నియు అంకెలైనవి.

నూటికి 65 పాళ్లకు మించిన ఇనుము గల రాయి భూమిపై తెరచియున్నను, దానికి దారి లేక రెండు దశాబ్దములు గడచినవి. దారి వేయించినది జపాను. యుద్ధములో నాశనమైన తన ఉక్కు పరిశ్రమను పునరుద్ధరించుకొనుచున్న ఆ దేశమునకు సొంత ఇనుపరాయి లేదు. 1950ల నడుమ జపాను నిపుణులు బైలదిల్లాను చూచి మెచ్చుకొనిరి. 1958 నవంబరులో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1960లో జపాను ఉక్కు సంస్థలతో ఒడంబడిక కుదిరినది. దాని ప్రకారము బైలదిల్లా నుండి ఏటేట 40 లక్షల టన్నుల రాయి పంపవలెను. అదే 1960లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ఇనుపరాతి ఎగుమతిపై తన నిషేధమును సడలించుటయు, అదే జపాను కొనుగోలుతో ఆ దేశపు పిల్బరా ఎడారిలో 1966లో హామర్స్‌లీ గని తెరవబడుటయు గమనింపదగిన సంగతులు. ఒకే కొనుగోలుదారు ఒకే దశాబ్దిలో రెండు ఖండముల కొండలను తవ్వించెను. కావున బైలదిల్లా ఆనాడే, తాను ఎరుగకయే, ప్రపంచములోని అత్యాధునిక గనులతో పోటీకి దిగినది.

ఒడంబడిక కాగితముపై నుండగా కొండలు అడ్డుగా నుండెను. దండకారణ్య, బొలాంగీరు, కిరిబురు పథకము పేరిట 1960లలో వేయబడిన కొత్తవలస–కిరండూలు రైలుమార్గము అనంతగిరి కొండలను సొరంగములతో తొలిచికొనుచు, శిమిలిగుడయొద్ద సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తునకు ఎక్కి, అరకులోయ, కోరాపుట్టు, జగదల్‌పురము దాటి దంతెవాడ చేరినది. శిమిలిగుడ చిరకాలము దేశములోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నింటిలో ఎత్తైనదిగా ప్రసిద్ధి గాంచినది. నేడు అరకు అందములకై కిరండూలు పాసెంజరు ఎక్కు యాత్రికులలో ఆ పట్టాలు తమకొరకు వేయబడినవి కావనియు, ఇనుపరాతికొరకు వేయబడిన దారిలో తాము అతిథులమనియు తలచువారు తక్కువ. 1933లో జలదుర్గ అను నౌక రాకతో తెరవబడి, మాంగనీసు రాతి ఎగుమతితో పేరు తెచ్చుకొన్న విశాఖ రేవునకు 1965లో ఇనుపరాతికై యంత్రసజ్జితమైన ఎగుమతి కేంద్రము అమరినది; లక్ష టన్నుల నౌకలు నిలువదగిన బాహ్యనౌకాశ్రయము 1976 డిసెంబరులో సిద్ధమైనది. అక్కడ వ్యాగనును అట్లే పట్టి తలక్రిందులు చేయు టిప్లరు, రాయిని గుట్టపోయు యంత్రము, గుట్టనుండి గీకి తీయు యంత్రము, నౌకలోనికి పోయు యంత్రము ఒకదానినొకటి బెల్టులతో అనుసరించును.

1968 ఏప్రిలులో 14వ నిక్షేపము పని ఆరంభించినది. ఆ గనిలో పని నడచు క్రమమును తెలిసికొన్నచో యంత్రవిద్య యనగా నేమో స్పష్టమగును. రాతిలో బెజ్జములు వేసి మందు పేల్చుదురు. పేలిన రాయిని షవెలు ఎత్తి డంపరులో పోయును. డంపరు దానిని క్రషరు నోటిలో గుమ్మరించును. నలిగిన రాయి జల్లెడలపై పడి ముద్దరాయి, నలుసురాయి అని వేరగును. కన్వేయరు బెల్టుపై కొండదిగి, అడుగున గుట్టలై, అక్కడనుండి వ్యాగనులలోనికి పోవును. ఇందు ఏ యొక్క యంత్రమును అద్భుతము కాదు. ఒకదాని వేగము మరియొకదాని వేగముతో సరిపోవుటయే అద్భుతము. బెల్టు ఆగినచో క్రషరు ఆగవలెను, క్రషరు ఆగినచో డంపర్లు బారులు తీరును, వ్యాగన్లు రానిచో గుట్టకు చోటు చాలదు. పూర్వము మేస్త్రీ కేకతో సర్దుబాటైన ఈ సమన్వయమును నియంత్రణగది మీటలు, దీపములు, గంటలు తమ వశము చేసికొనినవి. యంత్రీకరణమనగా చేతులకు బదులు ఉక్కుచేతులను పెట్టుట యని సామాన్యులు భావింతురు; నిజమునకు మేస్త్రీ కేకకు బదులు మరియొకదానిని కనుగొనుటయే అందలి కష్టమైన భాగము.

అయితే అదే పర్వతపార్శ్వమున, అదే కాలమున, మరియొక గని నడచుచుండెను. కొండవాలున విడిగా పడియున్న రాయిని గుత్తేదారుల క్రింద కూలీలు చేతితో తీయుచుండిరి. ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు చేతిగనులలో ఆ పని నడచు తీరు ఇది: ఒకడు సమ్మెటతో బండను పగులగొట్టును, వాని భార్యయో తల్లియో ముక్కలను ఏరి, మట్టివి అవతల పారవైచి, మంచివి తట్టకెత్తి కుప్ప చేయును. మంచిరాయి ఏది యనుటకు వారికి ప్రయోగశాల లేదు. చేత పట్టినప్పుడు పరిమాణమునకు మించిన బరువు, పగిలినచోట ఉక్కువంటి నలుపుమెరుపు, తట్టినప్పుడు వచ్చు నాదము, ఇవియే పరీక్షలు. ఎఱ్ఱగా తేలికగా నున్నది పనికిరానిది. సాయంకాలమున మున్షీ వచ్చి కుప్పయొక్క పొడవు వెడల్పు ఎత్తులను కొలిచి, రాళ్ల నడిమి సందులకు కొంత తరుగు తీసి, ఇన్ని టన్నులని పుస్తకములో వ్రాసికొనును. ఆ అంకెనుబట్టి కూలి. కుప్పను వదులుగా పేర్చుట కూలివాని నేర్పు, తరుగును ఎక్కువగా తీయుట మున్షీ నేర్పు. ఆ రెండు నేర్పుల నడుమనే వారి సంసారములు గడచినవి.

ఈ రెండు గనులును ఒకదాని ప్రక్క నొకటి దశాబ్దము నడచినను, ఒకదానిలోని విద్య మరియొకదానికి ప్రవహించుటకు కాలువ త్రవ్వబడలేదు. డంపరు తోలువాడు, క్రషరు చూచువాడు పరీక్షలు వ్రాసి, ధ్రువపత్రములతో పెక్కురాష్ట్రములనుండి వచ్చెను. రాతిని తట్టి నాదముతో గుర్తించువారు గుత్తేదారు పట్టీలో వేలిముద్రగా మాత్రమే నిలిచిరి. 1977 జనవరిలో బచేలివైపు 5వ నిక్షేపము సంపూర్ణయంత్రములతో ఆరంభమగుటతో చేతిగనులు అనవసరమను లెక్క తేలినది. వేలకొలది కూలీలకు పని పోవునని నోటీసులు వెలువడినవి. వారు ఆందోళనకు దిగగా 1978 ఏప్రిలు 5న కిరండూలులో పోలీసులు కాల్పులు జరిపిరి. కూలీలు ప్రాణములు కోల్పోయిరి, వారి గుడిసెలు కాలిపోయినవి. టన్నుకు ఖర్చెంతయని చూచు పట్టికలో యంత్రము గెలిచినది. ఆ పట్టికలో ఈ ప్రాణములకు గడి లేదు.

అది అనివార్యమని అనువారికి సమాధానము రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల ఉత్తరముననే కలదు. భిలాయి ఉక్కు కర్మాగారమునకు రాయి నందించు దల్లీ రాజహరా గనులలోను అట్టి చేతిగనులే, అట్టి గుత్తేదారులే. 1977లో శంకర్ గుహా నియోగీ నాయకత్వమున ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక సంఘము అక్కడ ఏర్పడినది. ఆ ఏడు జూనులో అక్కడను కాల్పులు జరిగినవి. కాని బైలదిల్లా గతి చూచిన ఆ సంఘము యంత్రము వద్దని ఊరకుండక, యంత్రము ఎంతవరకు అను ప్రశ్న వేసికొనినది. గనిపనిని అంగములుగా విడదీసి, ఏ అంగమునకు యంత్రము తప్పనిసరి, ఏ అంగములో మనుష్యుడే మేలు, ఆ విధముగ చేసినచో టన్నుకు ఖర్చెంత యని తామే గణించి, అర్ధయంత్రీకరణమను ప్రతిపాదనను యాజమాన్యము ముందుంచిరి. దానితో సంపూర్ణయంత్రీకరణము కొన్నియేండ్లు వాయిదాపడినది. చేతిపనివారు ఆ మేరకు నిలిచిరి. నేడు గొప్ప సంస్థలు కార్యాలయపు పనిని యంత్రమునకు ఒప్పజెప్పుటకు ముందు నిపుణులను పిలిచి, పనిని ఘట్టములుగా విడదీయించి, బొమ్మలు గీయింతురు గదా! ఆ విద్యను రాళ్లు కొట్టువారు దల్లీ రాజహరాలో తమ అవసరముకొలది తామే అభ్యసించిరి. వెదురుకొమ్మకు ఏ సగము ఈయవలెనో ఎరిగిన కొలిమివాని విచారణయే ఇది.

కార్యాలయములలో ఈ వివాదము నెత్తురు చిందకయే నడచినది. 1960లలో జీవితబీమా సంస్థ కలకత్తాలో కంప్యూటరు నెలకొల్పబోగా ఉద్యోగులు భవనమునకు కాపలా కాచి అడ్డగించిరి. ప్రభుత్వము 1969లో వి.ఎం. దండేకరు అధ్యక్షతన స్వయంచాలక యంత్రములను గూర్చి ఒక సంఘమును నియమించినది. 1972లో నివేదిక వచ్చినది. ఆ నడుమనే, 1967లో హైదరాబాదులో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1969లో టి.డి.సి.-12 అను స్వదేశీ కంప్యూటరును తయారుచేసెను. బ్యాంకులలో 1983 సెప్టెంబరున యాజమాన్య సంఘమునకును ఉద్యోగుల సంఘమునకును ఒడంబడిక కుదిరి, యంత్రములు ఎన్ని, ఎక్కడ, వానిపై పనిచేయువానికి భత్యమెంత అనునవి నిర్ణయింపబడినవి. తరువాతి కాలమున ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరైన సి. రంగరాజన్ అధ్యక్షతన 1984లో వెలువడిన నివేదిక ఆ మార్గమును విస్తరించినది. లెడ్జరు గుమాస్తాయే కంప్యూటరు ముందు కూర్చుండెను. జమాఖర్చు తెలిసినవాడే తెర చదివెను. సంఘబలము, చదువు, నగరము గలవానికి యంత్రము గురువుగ వచ్చినది. అవి లేని దంతెవాడ కూలివానికి అది నోటీసుగ వచ్చినది.

గనుల కార్యాలయములకును క్రమముగ ఆ మార్పు వచ్చినది. మస్టరు పట్టీ, జీతపు బట్వాడా, సామానుల గిడ్డంగి చీటీలు, తూకపు కాటా పుస్తకము, వ్యాగనుల సంఖ్య వ్రాసి ఇచ్చు రైల్వే రసీదు, ఇవి యన్నియు ఒకప్పుడు కలముతో వ్రాయబడినవి. సరుకుబండ్ల సమాచారమును కంప్యూటరునకు ఎక్కించుటకై రైల్వేలు 1986లో ప్రత్యేకసంస్థనే ఏర్పరచినవి. నేడు బండి తూకము, రసీదు, అద్దె తెరపైననే తేలును. కలమునుండి తెరకు మారుటలో గుమాస్తా చెమట తగ్గినది, తప్పులు తగ్గినవి, దొంగలెక్కకు చోటు తగ్గినది. ఈ లాభములను కాదనుట న్యాయము కాదు. కాని పాతపట్టీలో అంచున ఒక గడి యుండెడిది: వ్యాఖ్యలు. ఇప్పపూలు రాలు చైత్రమాసమున పల్లెపల్లె అడవిలోనికి పోవుననియు, డెబ్బది యైదు దినములు సాగు బస్తరు దసరాకు జగదల్‌పురము పిలుచుననియు అనుభవజ్ఞుడైన గుమాస్తా ఎరుగును. ఆ రోజుల గైర్హాజరునకు ఆ గడిలో రెండుమాటలు వ్రాసి, మనిషిని నిలిపెడివాడు. ఆ గడిని నింపువాని నడుగకుండ వ్రాయబడిన ప్రోగ్రాము గైర్హాజరును గైర్హాజరుగానే చూచును.

పనిని ముందు చక్కదిద్ది, పిమ్మట యంత్రమును పిలిచిన ఉదాహరణమును ఈ రాష్ట్రముననే కలదు గనుక దానిని చెప్పక విడువరాదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2004లో చౌకధరల దుకాణములను ప్రైవేటు వర్తకులనుండి తొలగించి పంచాయతీలకు, సహకారసంఘములకు, మహిళాసంఘములకు అప్పగించెను. ధాన్యము దుకాణమువరకు ప్రభుత్వలారీలలోనే చేరునట్లు చేసెను. ఆపైన 2007 మొదలు వరిధాన్యపు కొనుగోలును, బియ్యపు పంపకమును కంప్యూటరు లెక్కలోనికి తెచ్చెను. కొలత వేయువాడు మారకముందు కంప్యూటరు వచ్చియుండినచో అది పాతదొంగతనమునకే కొత్త అచ్చుపత్రమై యుండెడిది. దుకాణము ఊరి స్త్రీల చేతిలో నుండుటచే, తెరపైని అంకెకును గోనెలోని బియ్యమునకును గల భేదమును నిలదీయువారు ఎదుటనే యుండిరి.

కాలచక్రము అంతటితో ఆగలేదు. కిరండూలునుండి విశాఖపట్టణమునకు 267 కిలోమీటర్ల గొట్టము వేసి, ఇనుపరాతి పొడిని నీటితో కలిపి ప్రవహింపజేయు ఏర్పాటును ఎస్సార్ సంస్థ చేసినది. అది 2019లో ఆర్సెలార్ మిత్తల్, నిప్పన్ స్టీల్ సంస్థల పాలైనది. మొదట రాతిని కొన్న జపాను ఉక్కువారి వారసులే ఇప్పుడా గొట్టమునకు భాగస్వాములు. జగదల్‌పురమునకు చేరువ నగర్‌నారులో 2023లో ఉక్కు కర్మాగారము ఆరంభమై, బస్తరు రాయి బస్తరులోనే కరుగు అవకాశము కలిగినది. ఆవల పిల్బరాలో 2008 నుండి మనుష్యుడు లేని డంపర్లు తిరుగుచున్నవి. 2018లో తోలువాడు లేని ఇనుపరాతి రైలు రేవు చేరినది. వానిని నడపు గది 1500 కిలోమీటర్ల దూరమున పెర్త్ నగరమున నున్నది. ఆ విద్య బైలదిల్లాకు రానున్నదా యనుట ప్రశ్న కాదు; వచ్చునప్పుడు షవెలు నడపుచున్నవాడు, ఒకప్పటి కూలివాని వలె, నోటీసు అందుకొనునా, లేక బ్యాంకు గుమాస్తా వలె ఆ గదిలో కుర్చీ అందుకొనునా అనునదియే ప్రశ్న.

ఈ చరిత్రనుండి తేలు తీర్పు కఠినమైనది, కాని అస్పష్టమైనది కాదు. యంత్రము చెడ్డదని దంతెవాడ చెప్పుట లేదు. కొండదిగు బెల్టు వేలమంది నడుములను నిలిపినమాట సత్యమే. యంత్రము వచ్చుటకు ముందు పదేండ్ల వ్యవధి యుండియు, ప్రక్కగనిలోని కూలివానికి అక్షరమును, మీటను, బెల్టును నేర్పుటకు ఎవరును పూనుకొనకపోవుట చెడ్డది; అది లోపమని గాని, లోటని గాని అనుట చాలదు, అపరాధమనియే చెప్పవలెను. హైదరాబాదులోను, విశాఖపట్టణములోను కూర్చుండి దూరపు కార్యాలయముల పనిని యంత్రమునకు నేర్పు తెలుగు యువకులు నేడు లక్షలలో నున్నారు. ప్రోగ్రాము వ్రాయుటకు ముందు వారు ఆ పని చేయుచున్నవాని ప్రక్కన కూర్చుండి, వాడు ఏది కొలుచుచున్నాడో, ఏది తలయూచి వదలుచున్నాడో, వ్యాఖ్యల గడిలో ఏమి వ్రాయుచున్నాడో చూడవలెను. ఆ పని యంత్రము చేసిననాడు దానిని నడపువాడుగ మొదట వానినే నిలుపవలెను. అట్లు చేయుటకు తగిన కాలమును, ధనమును యజమానినుండి అడిగి తీసికొనుట కూడ ఆ ఉద్యోగములో భాగమేనని వారు గ్రహింతురుగాక.